కాలేజీ మైదానం నుంచి పెద్ద లీగు దాకా: కుమార్ రాకర్ నడిచిన దారి

మన హాస్టల్లో క్రికెట్ తెలియనివాళ్లు లేరు. కబడ్డీ, వాలీబాల్ ఆడనివాళ్లు అరుదు. బేస్‌బాల్‌ను మాత్రం సినిమాల్లోనో టీవీలోనో చూడడమే తప్ప మనలో ఆడినవాళ్లు లేరు. అయినా ఈ వార్షికోత్సవ సంచికకు ఆ ఆటనే పాఠంగా ఎంచుకున్నాం. చదువుకునే చోటు నుంచి సంపాదించే చోటుకు వెళ్లే దారిలో ఎన్ని గేట్లుంటాయో, ఏ గేటు తాళం ఎవరి చేతిలో ఉంటుందో అమెరికాలోని ఒక బేస్‌బాల్ ఆటగాడి జీవితంలో తేదీలతో సహా కనిపిస్తుంది. మనలో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లకూ, పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్నవాళ్లకూ, క్యాంపస్ సెలక్షన్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకూ ఇది పనికొస్తుందని మా నమ్మకం.

ఆ ఆటగాడి పేరు కుమార్ రాకర్. పేరులో సగం మనకు పరిచయమైనదే. తల్లి లలిత భారతదేశం నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన దంపతుల కూతురు. తండ్రి ట్రేసీ రాకర్ నల్లజాతి అమెరికన్. ఆబర్న్ విశ్వవిద్యాలయం తరఫున అమెరికన్ ఫుట్‌బాల్ ఆడి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ప్రొఫెషనల్ లీగులో ఆడి, ఆపైన కోచ్ అయ్యాడు. కుమార్ 1999 నవంబరు 22న పుట్టాడు.

ముందుగా ఆట సంగతి

బేస్‌బాల్‌లో బంతి విసిరేవాడిని పిచర్ అంటారు. మన బౌలర్ లాంటివాడే. కానీ పరుగెత్తుకుంటూ రాడు, బంతిని నేలకు తాకించడు. ఒక చిన్న మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న బ్యాటర్ వైపు నేరుగా విసురుతాడు. బ్యాటర్ మూడు మంచి బంతులను వదిలేసినా, కొట్టబోయి తప్పినా అవుట్. దీనిని స్ట్రైకవుట్ అంటారు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు బ్యాటింగుకు వస్తుంది. ఇలా 9 ఇన్నింగ్స్ ఆడతారు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. క్రికెట్‌లో మోచేయి వంచి విసిరితే తప్పు. బేస్‌బాల్‌లో మోచేయి వంచి, కొరడా ఝుళిపించినట్టు విసరడమే ఆట. బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగాన్ని దాటుతుంది. ఆ భారమంతా భుజం మీదా మోచేతి మీదా పడుతుంది. అందుకే పిచర్‌ను తీసుకునే జట్టు అతని ఆట ఎంత చూస్తుందో, అతని చేతి లోపలి నరాలను, ఎముకలను అంతే చూస్తుంది. కుమార్ రాకర్ కథంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

బడి నుంచి కాలేజీకి

జార్జియా రాష్ట్రంలోని బోగార్ట్ అనే ఊళ్లో నార్త్ ఒకోనీ హైస్కూలులో కుమార్ చదివాడు. అమెరికాలో ప్రొఫెషనల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతికి డ్రాఫ్ట్ అని పేరు. 2018లో హైస్కూలు ముగియగానే కొలరాడో రాకీస్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో 38వ రౌండులో ఎంచుకుంది. అప్పట్లో మొత్తం 40 రౌండ్లు ఉండేవి. అంటే దాదాపు చివరి వరుస. అతను సంతకం పెట్టలేదు. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో ఉన్న వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

బేస్‌బాల్‌లో హైస్కూలు నుంచి నేరుగా ప్రొఫెషనల్ కావచ్చు. కాని ఒకసారి నాలుగేళ్ల కాలేజీలో చేరితే, మూడో సంవత్సరం పూర్తి కావాలి, లేదా 21 ఏళ్లు నిండాలి. అప్పటిదాకా డ్రాఫ్ట్‌కు అర్హత లేదు. ఇంటర్ తర్వాత ఉద్యోగానికి పోవాలా, డిగ్రీలో చేరాలా అని మన ఇళ్లలో జరిగే చర్చ వాళ్ల ఇళ్లలోనూ జరుగుతుంది. ఈ రోజు వచ్చే డబ్బు తక్కువైనా తీసుకోవాలా, మూడేళ్లు ఆగితే విలువ పెరుగుతుందా, ఆ మూడేళ్లలో చేతికి దెబ్బ తగిలితే ఎలా? ఇవే ప్రశ్నలు.

కాలేజీ ఆటగాళ్లందరికీ చదువు ఉచితమని మనం అనుకుంటాం. బేస్‌బాల్‌లో అలా లేదు. 2024-25 విద్యా సంవత్సరం దాకా పై స్థాయి కాలేజీ జట్టు ఒక్కొక్కటి మొత్తం 11.7 పూర్తి స్కాలర్‌షిప్పులు మాత్రమే ఇవ్వాలనే పరిమితి ఉండేది. వాటిని చాలామందికి ముక్కలు చేసి పంచేవారు. ఒకరికి సగం, ఒకరికి పావు. మిగతాది ఇంటివాళ్లు కట్టుకోవాలి, లేదా మరో సాయం వెతుక్కోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పూర్తిగా రాక మిగిలిన మొత్తానికి తిరిగే మన బాధ వాళ్లకు వేరే రూపంలో ఉందన్నమాట.

పందొమ్మిది స్ట్రైకవుట్లు

వాండర్‌బిల్ట్‌లో మొదటి సంవత్సరంలోనే కుమార్ పేరు దేశమంతా తెలిసింది. 2019 జూన్ 8న డ్యూక్ విశ్వవిద్యాలయంతో పోటీ. మూడు మ్యాచుల్లో రెండు గెలిచినవాళ్లే ముందుకు వెళ్లే సూపర్ రీజనల్ అనే దశ అది. మొదటి మ్యాచులో వాండర్‌బిల్ట్ చిత్తుగా ఓడింది. రెండోది కూడా పోతే ఇంటికే. ఆ మ్యాచులో 19 ఏళ్ల కుమార్ 131 బంతులు విసిరి 19 మందిని స్ట్రైకవుట్ చేశాడు. అవతలి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. దీనిని నో-హిట్టర్ అంటారు. సూపర్ రీజనల్ దశ చరిత్రలో అదే మొదటిది. వాండర్‌బిల్ట్ 3-0తో గెలిచింది.

అదే నెలలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో జరిగిన కాలేజీ వరల్డ్ సిరీస్‌ను, ఫైనల్లో మిషిగన్‌ను ఓడించి, వాండర్‌బిల్ట్ గెలుచుకుంది. ఉత్తమ ఆటగాడి బహుమతి కుమార్‌కే దక్కింది.

2020లో కరోనా వల్ల కాలేజీ సీజన్ మధ్యలోనే ఆగిపోయింది. 2021లో అతను 122 ఇన్నింగ్స్‌లో 179 మందిని స్ట్రైకవుట్ చేశాడు. అతని జట్టులోనే ఉన్న జాక్ లైటర్‌వి కూడా సరిగ్గా 179. వాండర్‌బిల్ట్ మళ్లీ ఫైనల్ దాకా వెళ్లింది. జూన్ 30న జరిగిన ఆఖరి మ్యాచులో మొదట బంతి అందుకున్నది కుమారే. ఆ మ్యాచు మిసిసిపీ స్టేట్ గెలిచింది.

డ్రాఫ్ట్ అంటే ఏమిటి?

మన కౌన్సెలింగ్‌లో ర్యాంకు వచ్చినవాడు కాలేజీని ఎంచుకుంటాడు. ఆప్షన్లు పెట్టేది విద్యార్థి. డ్రాఫ్ట్‌లో దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. ఎంచుకునేది జట్టు. 30 జట్లు వంతులవారీగా పేర్లు చదువుతాయి. ఒక జట్టు పేరు చదివితే ఆ ఏడాదికి ఆ ఆటగాడు ఆ జట్టుతోనే మాట్లాడాలి. ఇంకో జట్టు ఎక్కువ ఇస్తానన్నా కుదరదు. ఇష్టం లేకపోతే సంతకం పెట్టకుండా ఉండడం ఒక్కటే అతని చేతిలో ఉంది.

ప్రతి స్థానానికీ ఒక ధర ముందే నిర్ణయిస్తారు. 2021లో 10వ స్థానానికి ఆ ధర సుమారు 47 లక్షల 40 వేల డాలర్లు. ఆటగాడు, జట్టు కలిసి దానికి ఎక్కువకో తక్కువకో ఒప్పుకోవచ్చు. ఆ తర్వాత వైద్య పరీక్ష. అది దాటితేనే సంతకం. సంతకానికి ఒక గడువు తేదీ ఉంటుంది.

కానిస్టేబుల్ నియామకాలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ప్రిలిమ్స్ అయింది, ఈవెంట్స్ అయ్యాయి, మెయిన్స్ అయింది, సర్టిఫికెట్ల పరిశీలన అయింది. ఊళ్లో అందరికీ చెప్పేశాం. మెడికల్ ఇంకా మిగిలే ఉంది!

ఇరవై ఒక్క రోజులు

2021 జూలై 11న న్యూయార్క్ మెట్స్ జట్టు 10వ స్థానంలో కుమార్ రాకర్ పేరు చదివింది. 60 లక్షల డాలర్లకు మాట కుదిరినట్టు వార్తలు వచ్చాయి. ఆనాటి మారకం లెక్కన మన డబ్బులో సుమారు 44 కోట్ల రూపాయలు. ఆ తర్వాత వైద్య పరీక్ష జరిగింది. అతని చేయి విషయంలో జట్టుకు అనుమానం వచ్చింది. సంతకాల గడువు ఆగస్టు 1. ఆ రోజు సాయంత్రం గడువు దాటిపోయింది. మెట్స్ అతనికి ఏ మొత్తమూ ఇవ్వజూపలేదు. 60 లక్షల డాలర్ల మాట ఇరవై ఒక్క రోజుల్లో సున్నా అయింది.

కుమార్ తరఫు సలహాదారు స్కాట్ బోరాస్, అతని చేయి బాగానే ఉందని బయటి వైద్యులు చెప్పారని ప్రకటించాడు. జట్టు మాట జట్టుది. ఇందులో ఎవరిది న్యాయం అనేదానికన్నా నిబంధన ఎవరి పక్షాన ఉందో చూడడం మనకు ముఖ్యం.

నిబంధన ఇది. డ్రాఫ్ట్‌కు ముందే ముఖ్యమైన పిచర్లు తమ చేతి ఎంఆర్ఐ చిత్రాలను అన్ని జట్లకూ చూపించే ఏర్పాటు ఒకటి ఉంది. అందులో చేరడం ఆటగాడి ఇష్టం. చేరినవాడిని ఎంచుకున్న జట్టు, తర్వాత చేయి మీద అనుమానం వచ్చినా, ఆ స్థానపు ధరలో కనీసం 40 శాతం ఇవ్వజూపాలి. కుమార్ అందులో చేరలేదు. కాబట్టి మెట్స్ మీద ఏ బాధ్యతా లేదు. పైగా సంతకం కుదరని జట్టుకు మరుసటి ఏడాది నష్టపరిహారంగా ఇంకో ఎంపిక ఇస్తారు. మెట్స్‌కు 2022లో 11వ స్థానం దక్కింది. అంటే జట్టు నష్టపోయింది ఒక్క మెట్టు, ఆటగాడు నష్టపోయింది ఒక ఏడాది. 2022లో జరిగిన కొత్త ఒప్పందంలో ఆ 40 శాతాన్ని 75 శాతానికి పెంచారు.

మా సీనియర్లలో కొందరికి క్యాంపస్ సెలక్షన్‌లో ఆఫర్ లెటరు వచ్చింది. హాస్టల్లో స్వీట్లు పంచారు. ఆ తర్వాత జాయినింగ్ తేదీ ఒకసారి వాయిదా, రెండోసారి వాయిదా, చివరికి మెయిల్‌కు జవాబే లేదు. లెటరులో చిన్న అక్షరాల్లో ఏముందో అప్పుడు తీసి చదివారు. 44 కోట్లకైనా, నెలకు 18 వేలకైనా కాగితం పనిచేసే తీరు ఒక్కటే.

చిన్న లీగులో ఐదు మ్యాచులు

ఇప్పుడు కుమార్ ముందు రెండు దారులు. వాండర్‌బిల్ట్‌కు తిరిగి వెళ్లి ఇంకో ఏడాది కాలేజీ జట్టుకు ఆడవచ్చు. లేదా బయట ఎక్కడైనా ఆడుతూ 2022 డ్రాఫ్ట్ కోసం ఆగవచ్చు. అతను తిరిగి వెళ్లలేదు. 2021 సెప్టెంబరులో భుజానికి చిన్న శస్త్రచికిత్స జరిగింది. ఆ సంగతి బయటికి తెలిసింది మరుసటి సంవత్సరమే.

2022 జూన్‌లో అతను ఫ్రాంటియర్ లీగ్‌లో కనిపించాడు. పెద్ద జట్ల కింద లేని స్వతంత్ర లీగు అది. అతను ఆడిన జట్టు ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ అనే పట్టణానిది. ఈ జట్టు కథ కూడా వినదగ్గదే. 2020 దాకా అది హ్యూస్టన్ ఆస్ట్రోస్ అనే పెద్ద జట్టుకు అనుబంధంగా ఉండేది. 2021లో కింది స్థాయి జట్లను 120కి కుదించినప్పుడు దాన్ని తీసేశారు. అలా పక్కన పెట్టిన జట్టు, పక్కన పెట్టిన ఆటగాడికి మైదానం ఇచ్చింది.

అక్కడ అతను 5 మ్యాచులు ఆడాడు. 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకవుట్లు. తన వల్ల వచ్చిన పరుగులు మూడే. ఫ్రాంటియర్ లీగ్ బ్యాటర్లు పెద్ద లీగు బ్యాటర్లు కారు. ఆ అంకెలకు అంత బరువు లేదని అనవచ్చు. కాని చూడవచ్చినవాళ్లకు కావలసింది అంకెలు కాదు. భుజం తిరుగుతోందా, వేగం ఉందా, నొప్పి లేకుండా ఐదు రోజులకొకసారి విసరగలుగుతున్నాడా అన్నదే.

2022 జూలై 17న టెక్సాస్ రేంజర్స్ జట్టు అతన్ని 3వ స్థానంలో ఎంచుకుంది. నిరుడు 10, ఈసారి 3. అతని కాలేజీ మిత్రుడు జాక్ లైటర్‌ను నిరుడు 2వ స్థానంలో తీసుకున్నదీ ఈ జట్టే. 52 లక్షల డాలర్లకు సంతకం జరిగింది. ఆ స్థానపు ధర సుమారు 76 లక్షలు. అంటే పై స్థానం దొరికింది గాని, చేతి మీది అనుమానానికి తగ్గింపు పడింది.

ఎంపికైనవాడు ఎక్కడికి వెళతాడు?

డ్రాఫ్ట్‌లో పేరు వస్తే వెంటనే టీవీలో కనిపించే పెద్ద లీగులో ఆడతారని అనుకుంటాం. అది నిజం కాదు. పెద్ద జట్టు ప్రతిదానికీ కింద నాలుగు మెట్లుంటాయి. సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. వాటికంటే కింద కొత్తవాళ్ల శిక్షణ లీగు. 30 జట్లకు నాలుగేసి చొప్పున అవే 120 జట్లు.

డ్రాఫ్ట్ ఇప్పుడు 20 రౌండ్లు. ఏటా 600 పైచిలుకు కుర్రాళ్ల పేర్లు చదువుతారు. వీళ్లు కాక, డ్రాఫ్ట్‌తో సంబంధం లేకుండా డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా వంటి దేశాల నుంచి వచ్చేవాళ్లు వేరు. పై మెట్టు మీద జట్టుకు 26 మంది చొప్పున ఉన్న చోట్లు 780. ఏటా 600 మంది లోపలికి వస్తుంటే, మొత్తం కుర్చీలు 780. మిగతావాళ్లంతా మెట్ల మీదే ఉంటారు, లేదా మెట్ల మీదనే వెనక్కి తిరుగుతారు.

మెట్ల మీద జీతమెంత? చాలాకాలం అది సిగ్గుపడాల్సిన మొత్తంగానే ఉండేది. ఆటలు జరిగే నెలలకే జీతం ఇచ్చేవారు. కింది మెట్టువాళ్లకు వారానికి 300 డాలర్లు కూడా అందేది కాదు. ఒక గదిలో నలుగురైదుగురు పడుకునేవారు. ఆటగాళ్లు కోర్టుకు వెళ్లారు. 2022లో 18 కోట్ల 50 లక్షల డాలర్లకు ఆ కేసు రాజీ అయింది. అదే ఏడాది నుంచి వసతి జట్లే ఇవ్వడం మొదలైంది. కింది మెట్ల ఆటగాళ్లు సంఘంలో చేరారు. 2023లో మొదటిసారి కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి కనీస జీతం హై ఏ స్థాయిలో 27,300 డాలర్లు, డబుల్ ఏలో 30,250, ట్రిపుల్ ఏలో 35,800 అయింది. 2024లో పెద్ద లీగు కనీస జీతం 7 లక్షల 40 వేల డాలర్లు. ట్రిపుల్ ఏకూ పెద్ద లీగుకూ మధ్య ఉన్నది ఒకే మెట్టు. జీతంలో తేడా ఇరవై రెట్లు. ఆ మెట్టు దగ్గర మనుషులు ఎందుకంత తొక్కిసలాడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మెట్లు మన దేశపువాళ్లకు బొత్తిగా కొత్త కావు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ విసిరేవాళ్లు 2008లో ఒక టీవీ పోటీ ద్వారా ఎంపికై అమెరికా వెళ్లారు. అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్ వారితో ఒప్పందం చేసుకుంది. 2009లో అతి కింది మెట్టు మీద ఇద్దరూ ఆడారు. దినేశ్ 2010లో వెనక్కి వచ్చేశాడు. రింకూ ఇంకొన్ని మెట్లు ఎక్కి, గాయాలతో ఆగిపోయి, తర్వాత కుస్తీ రంగానికి వెళ్లాడు. చేతిలో బలం ఉంది గాని, కాలేజీలో మూడేళ్లు వారం వారం ఆడి నేర్చుకునే అవకాశం వాళ్లకు లేదు. బేస్‌బాల్ దారిలో కాలేజీ ఎందుకు ఒక మెట్టు అయిందో ఆ తేడా చెబుతుంది.

మోచేయి

2023లో కుమార్ నార్త్ కరోలినాలోని హికరీ పట్టణపు హై ఏ జట్టులో చేరాడు. 6 మ్యాచుల్లో 28 ఇన్నింగ్స్, 42 స్ట్రైకవుట్లు. అంతా బాగుందనుకుంటుండగా మోచేతి లోపలి స్నాయువు తెగింది. మే నెలలో టామీ జాన్ శస్త్రచికిత్స చేశారు.

ఈ పేరు ఒక ఆటగాడిది. 1974లో టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన స్నాయువు స్థానంలో అతని శరీరంలోనే మరోచోటి నుంచి తీసిన స్నాయువును డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అమర్చాడు. అంతకుముందు ఆ గాయమైతే పిచర్ పని అయిపోయినట్టే. టామీ జాన్ మాత్రం 1976లో తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. ఇప్పటికీ ఈ చికిత్స తర్వాత కోలుకోవడానికి ఏడాదికి పైనే పడుతుంది. మొదట చేయి చాపడం, తర్వాత కొద్ది దూరం బంతి విసరడం, ఆ తర్వాత మట్టి దిబ్బ.

కుమార్ ఇలా కోలుకుంటుండగానే 2023 చివర్లో రేంజర్స్ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. జట్టు అతనిదే, విజయం మాత్రం అతనిది కాదు. మెట్స్‌కు వచ్చిన అనుమానం ఊరికే వచ్చింది కాదని అప్పుడు చాలామందికి అనిపించి ఉంటుంది. కాని ఆ అనుమానం అతను ఎప్పటికీ ఆడలేడని చెప్పలేదు. ఆగాల్సి వస్తుందని మాత్రమే చెప్పింది. రేంజర్స్ 24 లక్షల తగ్గింపు పుచ్చుకుని ఆ ఆగడాన్ని భరించింది.

2024 జూలైలో కుమార్ అరిజోనాలోని శిక్షణ లీగులో మళ్లీ బంతి పట్టాడు. అక్కడి నుంచి డబుల్ ఏ ఫ్రిస్కో, అక్కడి నుంచి ట్రిపుల్ ఏ రౌండ్ రాక్. రెండు నెలల్లో మెట్లన్నీ ఎక్కేశాడు. 2024 సెప్టెంబరు 12న సియాటిల్ మెరినర్స్ మీద పెద్ద లీగులో మొదటి మ్యాచు ఆడాడు. 4 ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగే ఇచ్చి 7 మందిని స్ట్రైకవుట్ చేశాడు. మెట్స్ గడువు దాటిపోయిన రోజు నుంచి మూడు సంవత్సరాల ఆరు వారాలు.

అక్కడితో కథ సుఖాంతమని రాయడం న్యాయం కాదు. 2025 ఏప్రిల్‌లో పెద్ద లీగులో తొలి గెలుపు దక్కింది. తర్వాత భుజం మళ్లీ ఇబ్బంది పెట్టింది. ఆగస్టులో అతన్ని తిరిగి ట్రిపుల్ ఏకు పంపారు. ఈ దారిలో మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా ఉంటుంది.

మనం గ్రహించవలసినవి

1. ఎంపిక వేరు, చేరడం వేరు. జాబితాలో పేరు చూసుకోవడం సంతోషమే. కాని సంతకం, మెడికల్, జాయినింగ్ పూర్తయ్యేదాకా చేతిలో ఉన్నదాన్ని వదలకూడదు. ఆఫర్ వచ్చిందని చివరి సెమిస్టరు పరీక్షలు అశ్రద్ధ చేసి బ్యాక్‌లాగ్‌తో మిగిలినవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం.

2. నిబంధన ముందే చదవాలి. ఎంఆర్ఐ ఏర్పాటులో చేరి ఉంటే కుమార్‌కు కనీసం 40 శాతానికి హక్కుండేది. చేరకపోవడానికి అతని కారణాలు అతనికి ఉండవచ్చు. మన విషయంలో మాత్రం చాలాసార్లు కారణమంటూ ఏమీ ఉండదు, చదవకపోవడమే. బాండు ఎన్నాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? ఇవి సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు.

3. ఖాళీ ఏడాదిలో కనిపించే చోట ఉండాలి. కుమార్ ఇంట్లో కూర్చుని ఉంటే 2022లో 3వ స్థానం దక్కేదని అనుకోలేం. చిన్న లీగని చిన్నచూపు చూడలేదు. మనకు ఆ చిన్న లీగు అప్రెంటిస్‌షిప్ కావచ్చు, మండల కేంద్రంలో కంప్యూటర్ పని కావచ్చు, బడిలో తాత్కాలిక ఉద్యోగం కావచ్చు. చేతిలో పని ఆగకూడదు.

4. ఆగిన చదువును మళ్లీ అందుకోవచ్చు. పాల్ గోల్డ్‌ష్మిట్ అనే ఆటగాడు టెక్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 2009లో 8వ రౌండులో ఎంపికై డిగ్రీ మధ్యలో వెళ్లిపోయాడు. 2011లో పెద్ద లీగు చేరాడు. పెద్ద లీగులో ఆడుతూనే మరో విశ్వవిద్యాలయం ద్వారా 2013లో డిగ్రీ పూర్తి చేశాడు. 2022లో నేషనల్ లీగు అత్యుత్తమ ఆటగాడు అయ్యాడు. కోట్లు సంపాదిస్తున్నవాడే పట్టా వదలలేదు. ఇంటి పరిస్థితుల వల్ల డిగ్రీ ఆపేసి వెళ్లిన మన మిత్రులు ఓపెన్ యూనివర్సిటీ దరఖాస్తు ఒకసారి తెప్పించుకోవాలి.

5. వెనక ఉన్న బలాన్ని మరిచిపోకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. 60 లక్షల డాలర్లు పోయిన రోజున కుమార్ వెనుక ప్రొఫెషనల్ ఆట లోపలా బయటా తెలిసిన తండ్రి ఉన్నాడు. నిబంధనలన్నీ కంఠతా వచ్చిన సలహాదారు ఉన్నాడు. ఒక ఏడాది ఆదాయం లేకపోయినా ఇల్లు గడుస్తుంది. అందుకే అతను ఆగగలిగాడు. ఓపిక అనేది మనిషి గుణం ఒక్కటే కాదు, ఆగడానికి స్తోమత కూడా ఉండాలి. మన ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చినవాళ్లలో మేమే మొదటివాళ్లం. ఆఫర్ లెటరు ఇంటికి తీసుకెళితే అమ్మ కళ్లకద్దుకుంటుంది, నాన్న దాచిపెడతాడు. అందులో ఏముందో చదివి, ఇక్కడ సంతకం పెట్టకు నాయనా అని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు.

ఆ లోటు తీర్చగలిగింది ఈ హాస్టలే. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లలో టీచర్లున్నారు, కానిస్టేబుళ్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, కంపెనీల్లో పనిచేసేవాళ్లున్నారు, కోర్టుల్లో ప్రాక్టీసు చేసేవాళ్లున్నారు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలకు మా మనవి ఒక్కటే. ఈసారి వచ్చినప్పుడు వార్డెన్ గారి గదిలో ఒక రిజిస్టరు పెట్టిద్దాం. ఏ ఉద్యోగంలో ఉన్నారో, ఏ నంబరుకు ఎప్పుడు ఫోన్ చేయవచ్చో అందులో రాసి వెళ్లండి. తమ్ముడెవరికైనా ఆఫర్ లెటరు వచ్చినా, మెడికల్‌లో ఇబ్బంది వచ్చినా, బాండు మీద సంతకం అడిగినా, పెన్ను పట్టుకోకముందే ఆ రిజిస్టరు తెరిచి మీకు ఫోన్ చేస్తాడు. పది నిమిషాలు మీరు చదివి చెబితే చాలు.

— పి.జి. రెండవ సంవత్సరం, హాస్టల్ పూర్వ విద్యార్థి